పెట్టెకెక్కిన వైకుంఠపాళి

తెలుగులో "పటము" అనే మాటకు అర్థాలు పెక్కు. పూజగదిలో గోడకు వేలాడే దేవుని బొమ్మ పటమే. భూగోళ పాఠం చెప్పేటప్పుడు ఉపాధ్యాయుడు విప్పి చూపే దేశచిత్రమూ పటమే. సంక్రాంతి దినాలలో పిల్లలు ఎగురవేసేది గాలిపటం. వీటన్నిటికి మూలమైన సంస్కృతపదానికి గుడ్డ అని అర్థం. గుడ్డమీద బొమ్మ వ్రాసి, చుట్టచుట్టి, చంకన పెట్టుకొని ఊరూరా తిరిగిన కాలంలో ఆ మాట ఈ అర్థాలను సంపాదించుకొన్నది. ఏకాదశినాడు, శివరాత్రినాడు జాగరణ చేసేవారు నిద్ర రాకుండా ఆడుకొనే ఆటకు "పరమపద సోపాన పటము" అనే పేరున్నది. ఆ పేరులో గుడ్డచుట్ట జాడ ఇంకను మిగిలియున్నది. ఆ ఆటకే ఇంకొక పేరు వైకుంఠపాళి. పాళి అనగా వరుస. వైకుంఠానికి చేర్చే గళ్ళ వరుస అని తాత్పర్యం.

గుడ్డచుట్టకు మూత లేదు, పెట్టె లేదు, ముద్ర లేదు. తాండూరు ప్రాంతపు ఇండ్లలో అరుగుమీద పరచిన నాపబండపై సుద్దముక్కతో గీసే అష్టాచెమ్మకు చుట్టకూడ లేదు. అయిదు గళ్ళ పొడవు, అయిదు గళ్ళ వెడల్పు, నాలుగు గవ్వలు, కొన్ని చింతపిక్కలు ఉంటే చాలు. ఆట ముగిసిన తరువాత బండను కడిగితే అంగడియే లేదు. ఇట్టి ఆటలను అమ్మకానికి పెట్టవలెనన్నప్పుడు వాటికి ఒక పెట్టె కావలె, పెట్టెమీద ఒక బొమ్మ కావలె, బొమ్మమీద ఒక పేరు కావలె. ఆ మూడింటిని సమకూర్చేటప్పుడు ఆటకు కలిగే లాభమేమి, నష్టమేమి అన్నది ఈనాటి మన విచారణ. విషయం చిన్నదిగా కనబడవచ్చును. కాని పిల్లవాడు ఆట నియమాలు చదువకముందే పెట్టెమూతను చదువుతాడు. ఆ మూతయే అతనికి మొదటి పాఠం.

పాతపటము చెప్పిన పాఠము

మన దేశంలో ఈ పాముల పటం ఒక్క మతానికి చెందినది కాదు. ఉత్తరదేశంలో దీనికి జ్ఞానచౌపడ్ అని పేరు. వైష్ణవుల పటాలలో 72 గళ్ళవి, 124 గళ్ళవి కనబడుతున్నవి. జైనుల పటంలో 84 గళ్ళు, సూఫీల పటంలో 100 గళ్ళు ఉంటాయి. మహారాష్ట్రంలో దీనిని జ్ఞానేశ్వర మహారాజుకు ఆపాదించే సంప్రదాయం ఉన్నది. మన తెలుగునాట అచ్చయి, పంచాంగాలు అమ్మే దుకాణాలలో దొరికే పటాలలో గళ్ళ సంఖ్య నూరు దాటి ఉంటుంది. ప్రతి పటంలోను మూడు అంశాలు సమానం: పైకి తీసికొనిపోయే నిచ్చెన ఒక సుగుణం, క్రిందికి దించే పాము ఒక దుర్గుణం, చివర ఒక గమ్యం. వైష్ణవునికి ఆ గమ్యం వైకుంఠం. జైనునికి సిద్ధులుండే లోకాగ్రం. సూఫీకి పరమేశ్వరుని సన్నిధానం.

ఈ పటం ఆడే ఆట మాత్రమే కాదు, చదివే గ్రంథంకూడ. పాము తలవద్ద ఒక పాపం పేరో, పురాణాలలోని ఒక దుష్టుని పేరో వ్రాసి ఉంటుంది. నిచ్చెన అడుగున దానమో, భక్తియో, సత్యమో ఉంటుంది. గవ్వలు వేసినవాడు తాను నిలిచిన గడిలోని అక్షరాలను పైకి చదువుతాడు. చదువురాని అవ్వకు మనుమడు చదివి వినిపిస్తాడు. అవ్వ ఆ పేరు వెనుకనున్న కథ చెబుతుంది. అచ్చుపుస్తకం లేని ఇంటిలో సైతం ఈ విధంగా ఒక పాఠశాల సాగినది. పరమపదానికి కూతవేటు దూరంలో కాచుకొని ఉండే పెద్దపామును మన భాష విడిచిపెట్టలేదు. అన్నీ సమకూడినవనుకొన్న వేళ పని చెడిపోతే "పెద్దపాము మ్రింగినది" అంటాము. "పాచిక పారినది", "ఎత్తుకు పైయెత్తు", "ఆటకట్టు", "చిల్లిగవ్వ చేయదు" అనే పలుకుబళ్ళన్నీ ఇట్టివే. ఆటలు అటకెక్కినా వాటి మాటలు నాలుకమీద నిలిచినవి.

పాతపటాలలో చాలవాటిలో నిచ్చెనలకంటె పాములు హెచ్చు. చిత్రకారుడు లెక్క తప్పి అట్లు వేయలేదు. పైకి పోవుట కష్టమనీ, పడిపోవుట సులభమనీ చెప్పుట అతని ఉద్దేశం. ఐనను పాము అనగా కీడు మాత్రమే అని మన సంప్రదాయం అనదు. వికారాబాదు చెంతనున్న అనంతగిరిమీద వెలసిన స్వామి అనంతపద్మనాభుడు. అనంతుడనగా ఆదిశేషుడు. పటంలో గడిగడికి భయపెట్టే పామే పటం కొనయందు విష్ణువునకు పాన్పు అవుతుంది. ఒక పాము మ్రింగును, ఒక పాము మోయును. ఈ రెండింటిని ఒకే కాగితంమీద చూచిన పిల్లవానికి కలిగే ఆలోచన చిన్నది కాదు.

సముద్రము దాటిన పాములు

ఇట్టి పటం ఒకటి 1831లోనే లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీకి చేరినది. అది పండితుల భద్రపేటికలో ఉండిపోయినది. అంగడికి ఎక్కినది ఆ శతాబ్దం చివర. 1892లో లండనులో ఎఫ్. హెచ్. ఎయిర్స్ అనే ఆటవస్తువుల వ్యాపారి "పాములు, నిచ్చెనలు" అను పేరుతో దీనిని ప్రకటించినాడు. 1895 ప్రాంతంలో అచ్చయిన ఇంకొక పటం లండను విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాల సేకరణలో ఉన్నది. దాని పేరు "కిస్మత్".

ఈ పేర్లను మనం కొంచెము నిదానించి చూడవలె. "పరమపద సోపానం" అన్నప్పుడు మనం ఎక్కడికి పోతున్నామో పేరే చెబుతున్నది. "కిస్మత్" అన్నప్పుడు గమ్యం పోయి అదృష్టం వచ్చినది. మన పటంలో పడిపోయినవాడు తన దుర్గుణంవలన పడినాడు. కిస్మత్‌లో పడినవాడు నుదుటివ్రాతవలన పడినాడు. కర్మసిద్ధాంతం ఒక్క మాట మార్పుతో తలవ్రాతగా మారినది. పైగా అది అరబ్బు, పారసీక, తురుష్క భాషలలో మెలగిన మాట. తూర్పుదేశపు సువాసన ఒకటి ఉంటే చాలును, అది ఏ తూర్పైనను ఫరవాలేదని అమ్మకందారుని భావం. "పాములు, నిచ్చెనలు" అన్నప్పుడు గమ్యమూ పోయినది, అదృష్టమూ పోయినది. కంటికి కనబడే రెండు వస్తువులు మిగిలినవి. మొదటి పేరు దారిని చెప్పినది, రెండవది దారిలోని దైవాన్ని చెప్పినది, మూడవది దారిలోని పనిముట్లను చెప్పినది.

పేరుతోపాటు లోపలి బొమ్మలును మారినవి. విక్టోరియా రాణికాలపు ఇంగ్లీషు ఇంటిలో పిల్లలకు నేర్పదలచిన గుణాలు వేరు. పొదుపు, పశ్చాత్తాపం, పాటుపడుట అనేవి నిచ్చెనలైనవి. విలాసం, అవిధేయత, సోమరితనం పాములైనవి. నిచ్చెన ఎక్కినవానికి మోక్షానికి బదులు విజయం దొరుకుతుంది. పాము నోట పడినవాడు నీచజన్మ ఎత్తడు. దరిద్రుడో, రోగియో, అవమానితుడో అవుతాడు. లెక్కకూడ మారినది. పాములెన్నో నిచ్చెనలన్ని అనే సమత్వం వచ్చినది. తప్పుచేసినవానికి దిద్దుకొనుటకు అంతే అవకాశం ఉన్నదని దాని అర్థం. ఇది కొనేవారి మనస్సుకు ఊరట కలిగించే మార్పు. కాలక్రమాన ఆ నీతివాక్యాలును జారిపోయినవి. చివరి గడిలో వైకుంఠానికి బదులు నూరు అనే అంకె మిగిలినది.

1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ సంస్థ ఇంకొక అడుగు వేసినది. పామును చూచి పిల్లలు జంకుతారని తలచి పాములను తీసివేసి, వాటి చోట పిల్లల ఆటస్థలాలలో ఉండే జారుడుబల్లలను ఉంచినది. ఆటపేరు "జారుడుబల్లలు, నిచ్చెనలు" అయినది. అక్షరాలు రాని పిల్లలకొరకై మాటలకు బదులు బొమ్మలు వేసినారు. మంచిపని చేసే పిల్లవాని బొమ్మ నిచ్చెన మొదట, దాని ఫలం నిచ్చెన కొనను ఉంటుంది. ఇందులో ఒక వింత ఉన్నది. ఇంగ్లండు పటం పోగొట్టిన కార్యకారణ సంబంధం అమెరికా పటంలో తిరిగి వచ్చినది. మొక్కలు నాటినవానికి పూలు దొరకుట, కిటికీ అద్దం పగులగొట్టినవాడు దాని వెల చెల్లించుట వంటి ఊహలే అవి. వేషం పూర్తిగా మారినా ప్రాణంలో కొంత దక్కినదని ఒప్పుకొనవలె.

గణితోపాధ్యాయులకు పనికివచ్చే ముచ్చట ఒకటి ఇక్కడ చెప్పవచ్చును. ఆ అమెరికా పటంలో గళ్ళు 100, నిచ్చెనలు 9, జారుడుబల్లలు 10. ఒంటరిగా ఆడే ఆటగాడు గమ్యం చేరుటకు సగటున సుమారు 39 పందేలు వేయవలసి వస్తుందని సంభావ్యతా గణితం చెబుతున్నది. పాములను పెంచినా, నిచ్చెనలను తగ్గించినా ఈ సంఖ్య మారుతుంది. కనుక బొమ్మలు వేసే చిత్రకారుడు తనకు తెలియకుండగనే ఆట నిడివిని కూడ దిద్దుచున్నాడు. పటం అందంకొరకు ఒక పామును చెరిపితే ఆట స్వభావంకూడ కొంత చెరుగుతుంది.

పచ్చీసు పొందిన రెండు పేర్లు

పచ్చీసు అనగా ఇరువదియైదు. గవ్వలు వేయగా పడే పెద్దపందెం అది. ఫతేపూరు సిక్రీలో అక్బరు పాదుషా ఆవరణలోనే నేలమీద పచ్చీసు గళ్ళు తీర్చి, మనుష్యులనే పావులుగా నడిపించినాడని చెప్పుకొంటారు. ఈ ఆటను అమెరికాకు తీసికొనిపోయినవారు "పార్చీసీ" అని పలుకుమార్చి, 1874లో ఆ పేరును వ్యాపారచిహ్నంగా నమోదు చేయించినారు. తరతరాలుగా లక్షలమంది ఆడిన ఆటను ఎవ్వరును సొంతం చేసుకొనలేరు. కాని ఒక అక్షరం చేర్చి మలచిన పేరును సొంతం చేసుకొనవచ్చును. చిహ్నం, అనగా ఈనాటివారు లోగో అనే ముద్ర, ఎంత బలమైనదో ఈ ఒక్క ఉదాహరణ చాటుతున్నది.

అదే 1874లో వాడి నుండి సికిందరాబాదుకు నైజాము రైలుమార్గం తెరువబడినది. తాండూరు, వికారాబాదు ఆ మార్గంలోని ఊళ్ళు. బొంబాయి రేవులో దిగిన సీమసరకు ఈ ఊళ్ళ అంగళ్ళకు ఆ ఇనుపదారినే వచ్చుటకు వీలైనది. మన ఆట అమెరికాలో పేరు మార్చుకొన్న సంవత్సరమే, ఆ మారిన పేర్లు మన ఊరికి రావలసిన దారి ఏర్పడినది. చరిత్రలో ఇట్టి కాకతాళీయాలు నవ్వు పుట్టిస్తాయి.

ఇంగ్లండులో అదే పచ్చీసు 1896లో "లూడో" అయినది. అది లాటిను మాట. నేను ఆడుచున్నాను అని అర్థం. గవ్వలు పోయి గిన్నెలో వేసి కుదిపే ఘనాకారపు పాచిక వచ్చినది. అమెరికా వ్యాపారి పెట్టెమీద ఇది భారతదేశపు రాచ ఆట అని చాటుకొన్నాడు. ఇంగ్లండు వ్యాపారి భారతదేశం పేరే తలపెట్టలేదు. ఒకరు పుట్టినిల్లును అలంకారంగా తగిలించినారు, ఇంకొకరు పుట్టినింటిని దాచినారు. సరకు ఒక్కటే. అంగడిలో నిలిచే కొనుగోలుదారుని మనస్సును బట్టి మూత మారినది.

తరువాతి కథ మనకందరకును తెలిసినదే. లూడో మన దేశానికి తిరిగి వచ్చినది. ఈనాడు వికారాబాదు బజారులో కొనే అట్టకు ఒకవైపు లూడో, వెనుకవైపు పాములు నిచ్చెనలు ఉండుట మామూలు. మన ఇంటినుండి వెళ్ళిన ఇద్దరు బిడ్డలు కొత్తపేర్లతో, కొత్తబట్టలతో ఒకే అట్టకు అటు ఇటు అంటుకొని తిరిగి వచ్చినారు. 2016లో మన దేశంలోనే తయారైన లూడో కింగ్ అనే చరవాణి ఆట 2020 నాటి మహమ్మారి రోజులలో ఇంటింట వ్యాపించినది. తయారీ స్వదేశం, మూలం స్వదేశం, పేరుమాత్రం లాటిను మాటకు ఇంగ్లీషు కిరీటం. పచ్చీసు అను పేరు నిఘంటువునకు మిగిలినది.

వీధుల పేర్లు మార్చిన కథ

పేరు మారితే ఎల్లప్పుడు నష్టమేనా? కాదు. ఎలిజబెత్ మేగీ అనే అమెరికా స్త్రీ 1904లో "భూస్వామి ఆట" అనుదానికి పేటెంటు పొందినది. భూమి కొందరి చేతిలో చిక్కితే తక్కినవారు అద్దెలు చెల్లించి ఎట్లు చితికిపోతారో పిల్లలకు చూపవలెనని ఆమె సంకల్పం. ఆ ఆటయే చేతులు మారి, 1935లో పార్కర్ బ్రదర్స్ సంస్థ పెట్టెలో "మొనాపలీ"గా వెలసినది. మరుసటి ఏడు ఇంగ్లండులో వాడింగ్టన్స్ సంస్థ అమెరికా వీధుల పేర్లు తీసి లండను వీధుల పేర్లు పెట్టినది. మన దేశంలో ఈ మాదిరి ఆట "బిజినెస్" అను పేర మన నగరాల పేర్లతో దొరుకుతున్నది.

ఇందులో రెండు మార్పులున్నవి. రెండును ఒకటి కావు. వీధుల పేర్లు మార్చుట పాఠకునికి దగ్గరగుట. అనువాదకుడు మూలంలోని హేమంతాన్ని మన ఊరి చలికాలంగా చేసినట్టిది అది. దానివలన ఆటకు హాని లేదు. కాని, గుత్తాధిపత్యం చెడ్డదని చెప్పుటకు పుట్టిన ఆట గుత్తాధిపత్యం సంపాదించినవాడే విజేత అని చాటుటతో సంకల్పమే తలక్రిందులైనది. కాబట్టి వేషం మార్పును కొలుచుటకు మనకొక గీటురాయి దొరికినది. మూత మారినప్పుడు గమ్యం నిలిచినదా, లేదా అని అడుగవలె.

మన పిల్లలే కొత్త అంగడి

ఇక మన సంగతి. కొత్త అంగడి అనగా లండనో న్యూయార్కో కానక్కరలేదు. 2016లో ఏర్పడిన వికారాబాదు జిల్లాలోని బడిపిల్లలే వైకుంఠపాళికి ఈనాడు కొత్త అంగడి. వారికి పాములు నిచ్చెనలు తెలుసు. పరమపద సోపానం తెలియదు. ఆ పాతపటాన్ని ఒక మంచి పెట్టెలో పెట్టి వారి చేతికీయవలెనంటే ఏది మార్చవలె, ఏది మార్చరాదు?

మొదట భాష. తాండూరు కర్ణాటక సరిహద్దు చెంతనున్న ఊరు. అక్కడ తెలుగుతోపాటు ఉర్దూ, కన్నడం వినబడుతాయి. పెట్టెమీద తెలుగు పేరు పెద్దదిగా ఉండి, నియమాల కాగితం మూడు భాషలలో ఉండుట సహజం. ఇంగ్లీషు చాలునని అనుకొనేవారు ఆ పటం ఒకప్పుడు చదివే పుస్తకమైన సంగతి మరచినవారు.

రెండవది అక్షరరచన. రోమను లిపిలో ముద్ర తీర్చేవారు అక్షరాలను ఒక గీతమీద నిలుపుతారు. మన అక్షరాలకు క్రింద వత్తులు, పైన తలకట్టు, గుడి ఉంటాయి. "వైకుంఠపాళి" అనే ఒక్క పేరులో వకారం క్రింద ఐత్వం దిగుతుంది, ళకారంపై గుడి లేస్తుంది. ఇంగ్లీషు ముద్ర కొలతలలో దీనిని ఇరికిస్తే అక్షరం నలిగిపోతుంది. అదే తెలుగు అక్షరం స్వభావం ఎరిగిన చేతికి ఇస్తే పేరే బొమ్మ కాగలదు. "ళి" అనే అక్షరాన్ని చూడండి. చుట్టచుట్టుకొన్న పామువలె ళకారం, పైకెత్తిన పడగవలె గుడి. దీనికంటె మంచి చిహ్నం వేరే వెదుకనక్కరలేదు. గళ్ళలోని అంకెలను ౧, ౨, ౩ అని తెలుగులోను, పక్కనే వాడుక అంకెలలోను వేస్తే, మన పిల్లలకు దాదాపు మరుగైన తెలుగు అంకెలు ఆటలోనే వచ్చును.

మూడవది రంగు, రూపం. తాండూరు నాపరాయి నీలిబూడిద రంగులోను పసుపు రంగులోను దొరుకుతుంది. ఆ రెండు రంగుల పలకలు పేర్చితే అదే గళ్ళ పటం. మెరిసే ఎరుపు, పచ్చ రంగులతో ఎక్కడి పెట్టెనో అనుకరించుటకంటె, ఈ నేల రంగులలో పెట్టె తీర్చితే అది ఎక్కడిదో చూడగానే తెలుస్తుంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక సూచిక లభించినది. ఆ గుర్తు ఊరిపేరును ఊరికే ఉంచుతుంది. ఆటకు అట్టి రక్షణ లేదు. మన ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం అందరి వాడుకలోనున్న ఆటపేరు ఒకరి సొత్తు కాజాలదు. దానిని వ్రాసిన తీరు, తగిలించిన బొమ్మ మాత్రమే సొత్తు కాగలవు. ఇది మనకు లాభమే. వైకుంఠపాళి ఎప్పటికిని అందరిది.

నాలుగవది చట్టపు విషయం. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు ఉద్దేశించిన ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయినది. నమోదైన హస్తకళాకారులకు మినహాయింపు ఉన్నది. తయారీదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర, తయారైన నెల పెట్టెమీద ఉండవలె. గవ్వలు, చింతపిక్కలు చంటిపిల్లలు మ్రింగే ప్రమాదం ఉన్నది గనుక మూడేళ్ళలోపువారికి తగదనే హెచ్చరిక కావలె. బొమ్మ గీసేవారు ఇవన్నీ చివర ఏదో మూల ఇరికించక, మొదటనే చోటు కేటాయించుట మంచిది.

చివరిది, అన్నిటికంటె కష్టమైనది, గమ్యం. పాతపటంలో ఈనాటి తరగతిగదికి తగని ఊహలు కొన్ని లేకపోలేదు. పాపంవలన నీచజన్మ కలుగుతుందనే మాటను పిల్లలు తమ తోటివారిమీద ప్రయోగించే అపాయం ఉన్నది. ఒక్క బెంచీమీద పలు మతాల పిల్లలు కూర్చుండే బడిలో గమ్యం ఒక్క మతపు లోకమే కావలెననుట న్యాయమూ కాదు. అట్లని చివరిగడిలో నూరు అనే అంకె వేసి ఊరకుంటే లండను వ్యాపారి చేసినదే మనమును చేసినవారమవుతాము.

దీనికి మార్గం మన సంప్రదాయంలోనే ఉన్నది. జైనులు, సూఫీలు ఆట చట్రాన్ని తీసికొని తమ గమ్యాన్ని అందులో నిలుపుకొన్నారు. వారెవ్వరును గమ్యాన్ని తీసివేయలేదు. ఉత్తరదేశపు పేరులోనే జ్ఞానం అనే మాట ఉన్నది. కనుక ఇంటికి వైకుంఠపాళి యథాతథంగా ఉండనిచ్చి, బడికి "జ్ఞానపాళి" అని ఒక పటం తీర్చవచ్చునని నా సూచన. పాళి అనే మాట నిలుస్తుంది, పాము నిలుస్తుంది, నిచ్చెన నిలుస్తుంది, పైన చేరవలసిన చోటు నిలుస్తుంది. పేరు మార్చుట తప్పుకాదా అని కొందరు పెద్దలు అడుగవచ్చును. పేరు మార్చి దారి నిలిపినవారు ఒకరు, పేరు మార్చి దారి చెరిపినవారు ఇంకొకరు. ఈ ఇద్దరికి గల భేదాన్నే ఇంతవరకు చూచినాము.

ఉపాధ్యాయ మిత్రులు ఈ పనికి ఏ సంస్థ కొరకును కనిపెట్టుకొని ఉండనక్కరలేదు. తెలుగు పంతులు, లెక్కల పంతులు, చిత్రలేఖనం పంతులు కలిసి ఒక శనివారం మధ్యాహ్నం కేటాయిస్తే చాలును. తరగతి గది నేలమీద సుద్దతో నూరు గళ్ళు గీయించండి. పాములకు పేర్లు మీరు పెట్టకండి, పిల్లలను పెట్టనీయండి. తమను క్రిందికి లాగేదేదో వారికి మనకంటె బాగుగా తెలుసు. ఒకడు సోమరితనం అంటాడు, ఒకతె బడి మాన్పించుట అంటుంది, ఇంకొకరు చిన్ననాటి పెండ్లి అంటారు. ఆ మాట వినవలసిన పెద్దలు అక్కడ ఉంటారు. నిచ్చెనలకును వారే పేర్లు చెబుతారు. తరువాత పెట్టెమూతకు బొమ్మ గీయుమని పోటీ పెట్టండి. ఆ మూతమీద పిల్లలు ఏమి వ్రాస్తారో, ఈ ఆట వారికి ఏమి నేర్పినదో అప్పుడు తెలుస్తుంది.